ముగ్గు మీద గాజు తొట్టి

మొన్న ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి హైదరాబాదు నుంచి వీడియో కాల్ చేసింది. ఉద్యోగం కుదిరి, అద్దె ఫ్లాటు కుదిరి, వంటమనిషి మాత్రం కుదరక, ఇప్పుడు చేపలు పెంచుకోవాలని మనసు కుదిరిందట. ఫోను తెర మీద ముందు దాని నుదురు, తర్వాత ఏదో దుకాణం పైకప్పు, ఆ తర్వాత నీలం దీపాల కింద వరసగా పేర్చిన గాజు తొట్లు కనబడ్డాయి. "నాన్నా, వీటిల్లో ఏది తీసుకోను? నాకన్నీ ఒక్కలాగే ఉన్నాయి" అంది. నేను కళ్ళజోడు సవరించుకుని, గొంతు సవరించుకుని (ఈ వయసులో సవరించుకోడానికి నాకు మిగిలినవి ఆ రెండే) మొదలుపెట్టాను. "ముందా దీపాలు ఆర్పమను. దీపం కింద ఏ తొట్టయినా అందంగానే ఉంటుంది. పై అంచు మీద నీ చున్నీ లాగి చూడు, పోగు పట్టుకుంటే అంచు సరిగ్గా నూరలేదన్నమాట, వద్దను. మూలల్లో అతుకు మీద బొటనవేలి గోరు నడిపించు, బుడగలు తగిలితే వద్దను. అడుగు గాజు మందం చూడు." నేనెవరో పెద్ద ఇంజనీరుననుకున్నాడో ఏమో, దుకాణం అతను ఫోనులోకి తొంగిచూసి నమస్కారం కూడా పెట్టాడు. ప్రతినమస్కారం పెట్టానే గాని, లోపల కొంచెం సిగ్గేసింది. ఆ మాటల్లో ఒక్కటీ నాది కాదు. నేను కామర్సు లెక్చరర్ని. గాజు గురించి నాకు సొంతంగా తెలిసింది ఒక్కటే, అది పగులుతుందని. ఆ మాటలన్నీ మా అత్తగారివి. అవి నాదాకా ఎలా వచ్చాయన్నది వేరే కథ, ఎందుకంటే అవి వచ్చిన కాలంలో మా అత్తగారు నాతో మాట్లాడేది కాదు.

అలిగి కాదు, మర్యాదకి. ఆమెది వెల్దుర్తి వైపు ఒక పల్లె. ఆమె ఎరిగిన లోకంలో అత్త అల్లుడి ఎదుట పడదు, పడినా మాట్లాడదు, తప్పనిసరై మాట్లాడితే మధ్యలో మూడో మనిషి ఉండాలి. మా పెళ్ళయిన పదేళ్ళ పైచిలుకూ ఆమె నాకు చెప్పదలచిన ప్రతి మాటా మా ఆవిడ మీదుగానో, మా అమ్మాయి మీదుగానో బైపాస్ రోడ్డు తిరిగి వచ్చేది. "మీ నాయన్ని ఇంకాస్త కూర వేసుకోమనవే" అనేది తలుపు వెనక నుంచి. "చాలని చెప్పమ్మా" అనేవాణ్ణి నేను తలుపుకు ఇవతల నుంచి. మా అమ్మాయి చిన్నప్పుడు ఈ మాటల్ని నిజంగానే అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు మోసేది. కాస్త పెద్దయ్యాక "ఇద్దరికీ చెవులున్నయ్యిగా" అని తన ముద్ద తను నములుతూ కూర్చునేది. ఏ పండక్కో వచ్చినప్పుడు ఇంట్లో మూడో మనిషి లేకపోతే మా అత్తగారు ఫ్రిజ్‌తో చెప్పేది. "కరెంటాయన వచ్చిపోయాడు" అని ఫ్రిజ్‌ వైపు తిరిగి అంటే, నేనూ మర్యాద తప్పకూడదని ఫ్రిజ్‌నే చూస్తూ "అలాగా" అనేవాణ్ణి. ఒకసారి పక్కింటాయన కిటికీలోంచి ఇది విని, "ఫ్రిజ్‌కేమన్నా రిపేరా మాస్టారూ?" అని అడిగాడు కూడా. కాలేజీలో గంట కొట్టేదాకా ఆపకుండా మాట్లాడి జీతం తీసుకునే మనిషిని, ఇంటికొస్తే నీళ్ళు నమలడం తప్ప నాకు వేరే పని ఉండేది కాదు.

అలాంటి ఆమె మా ఇంట్లో ఉండవలసి వచ్చింది, మోకాలి ఆపరేషన్ పుణ్యమా అని. మా నరసరావుపేటలో ఆపరేషన్ చేసిన డాక్టరు, కనీసం ఏడాది పాటు ఇక్కడే ఉండి వ్యాయామాలు చేయించుకోవాలనీ, పొరపాటున కూడా ఒంగి పని చేయకూడదనీ ఖచ్చితంగా చెప్పాడు. ఊళ్ళో మా బావమరిది ఉన్నాడు, బంగారంలాంటి మనిషి, కానీ అతనికి మిరప తోట ఉంది. తోట కంటబడ్డాక మా అత్తగారు ఒంగకుండా ఉండటమనేది జరిగే పని కాదని డాక్టరుకీ తెలుసు, మాకూ తెలుసు. మోకాలు పాడైతే మళ్ళీ బాగు చేయడం కష్టమన్నాడాయన. కానీ ఆమెకు ఇంకో నియమం ఉంది: కారణం లేకుండా అల్లుడింట్లో ఉండకూడదు. కట్టు ఉన్నన్నాళ్ళూ కట్టే కారణం. కుట్లు విప్పారు, కారణమూ విడిపోయింది. మర్నాడే తన జిప్పు సంచి సర్దేసింది. వ్యాయామాలు ఆమె లెక్కలో కారణం కాదు. "కాళ్ళు చాపి ముడవడానికి పేటదాకా రావాలా ఏంది? మా ఊళ్ళో మంచాలు లేవా?" అంది. మా ఆవిడ బతిమాలింది, అలిగింది, చివరికి నా మీద పడింది. "మీరొక్క మాట ఉండమని చెప్పండి." ఆమె నాతో మాట్లాడదు కదా, నేనెలా చెప్పనన్నాను. "ఫ్రిజ్‌తో చెప్పండి" అని విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజంగానే వెళ్ళి ఫ్రిజ్ ముందు కాసేపు నిలబడ్డాను. మంచినీళ్ళ సీసా తీసుకుని వచ్చేశాను.

సంచి గుమ్మం పక్కకు చేరిన ఆ సాయంత్రమే మా అమ్మాయి ఎవరిదో పుట్టినరోజుకెళ్ళి, తిరుగు కానుకగా ఒక పాలిథీన్ కవరు పట్టుకొచ్చింది. కవరు నిండా నీళ్ళు, నీళ్ళలో రెండు గోల్డ్‌ఫిష్‌లు. "ఏందే ఇది?" అంది మా అత్తగారు. "చేపలమ్మమ్మా." "పులుసుకా? ఇంతింతేనా?" అనేసరికి మా అమ్మాయి ఏడుపు లంకించుకుంది. "ఊరుకోవే, ఉత్తినే అన్నా. ప్రాణమున్నయ్యి గదా, కవర్లో ఎంతసేపుంటయ్?" అని కుంటుకుంటూ లేచి, అటక మీది స్టీలు గంగాళం దింపించింది. మా అమ్మాయి కుళాయి తిప్పబోతే, "మున్సిపాలిటీ నీళ్ళు పొయ్యమాక, ఆ మందు వాసనకి చస్తయ్. నిన్న పట్టిన బిందె వంచు" అని తనే పోయించింది. చేపలు గంగాళంలో ఒక చుట్టు తిరిగి, ఒకటి అడుగుకు పోయింది, రెండోది పైకొచ్చి నోరు తెరిచి మూసి, తెరిచి మూసి, ఎవరికో ఏదో చెప్పబోయి మానుకున్నట్టు నిలబడింది. "అమ్మమ్మా, ఇది అచ్చం నాన్నలాగే ఉంది" అంది మా అమ్మాయి, కన్నీళ్ళు తుడుచుకుంటూ. కొంగు చాటు నుంచి మా అత్తగారి నవ్వు మొదటిసారి గట్టిగా వినబడింది.

మర్నాడు బస్సు వేళకు ఆమె లేవలేదు. గంగాళం పక్కన పీట మీద కూర్చుని, డాక్టరు ఒంగొద్దన్నంతగా ఒంగి, చేపల్ని చూస్తోంది. గంగాళంలో చేపల్ని పైనుంచే చూడాలి, చూస్తే వీపులే కనబడతాయి. "ఒంగకుండా చూడాలంటే గాజుది కావాలమ్మా" అంది మా ఆవిడ, పని మధ్యలో తలెత్తకుండా. మా అత్తగారు ఆలోచించింది. "సరే, మీ నాయనకి చెప్పవే" అంది మనవరాలితో, "ఈ చేపలకి ఒక ఇల్లు చూసిపెట్టి పోతా. నీళ్ళు నిలబెట్టే సామాను కొనడం మీకు చేతకాదు." ఇది నిజం. మేం కొన్న బకెట్లన్నీ ఆ ఏడాది మొక్కల కుండీలుగా మారి ఉన్నాయి.

మొదట బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి వెళ్ళాం. గుమ్మంలోంచే నాకొకటి నచ్చేసింది. ముందు గాజు విల్లులా వంగి ఉంది, వెనక నీలి సముద్రం పటం, లోపల ఒక బొమ్మ ఈతగాడు గాలి బుడగలొదులుతూ మునిగి తేలుతున్నాడు. రంగుల దీపాలు మారుతున్నాయి. మనసులో అప్పటికే దాన్ని మా హాల్లో టీవీ పక్కన పెట్టేశాను. మా అత్తగారు ఆ ఈతగాడి వైపు కన్నెత్తి చూడలేదు. నూలు చీర కొంగు చివర పట్టుకుని, తొట్టి పై అంచు మీద ఈ మూల నుంచి ఆ మూలకి మెల్లగా లాగింది. సగంలో కొంగు ఆగింది. పోగొకటి అంచుకు పట్టుకుంది. "నూరలా" అంది. తర్వాత బొటనవేలి గోరుతో మూలల్లోని అతుకు వెంబడి పైనుంచి కిందికి గీసుకుంటూ పోయింది. ఒకచోట గోరు దిగబడింది. "గాలి" అంది. తర్వాత చెయ్యి కిందికి పోనిచ్చి అడుగు గాజు మందం తడిమింది. "మీ నాయనకి చెప్పవే. బరువు మోసే అడుగు పలచన, నలుగురికీ కనబడే ముందుభాగం మందం. ఈ షాపాయన మర్యాదంతా మొహానికే పెట్టాడు." మా అమ్మాయి దాన్ని నాకు చెప్పింది. నేను దుకాణం అతనికి చెప్పాను. అతను నాకు జవాబిచ్చాడు, అది మళ్ళీ మా అమ్మాయి మీదుగా ఆమెకు చేరింది. నలుగురం ఒక్క తొట్టి చుట్టూ నిలబడి, ఒకరి మాట ఒకరం మోసుకుంటుంటే, పాపం అతనికి ఎవరి మొహం చూసి బేరమాడాలో తెలియలేదు. "ముందు గాజు వంపు తిరిగింది మేడమ్, అదే ఫ్యాషన్" అని ఆఖరి ప్రయత్నం చేశాడు. "ఆ వంపు సంగతి అడగవే, వాళ్ళు వంచారా, అదే వంగిపోయిందా?" అంది మా అత్తగారు. ఆ ప్రశ్న మోసేవాళ్ళు లేక అక్కడే ఆగిపోయింది. ఇంటికొచ్చేశాం. చేపలకి ఇల్లు దొరకలేదు కాబట్టి గుమ్మం పక్క సంచిలోంచి రెండు చీరలు బయటికొచ్చాయి.

ఆ తర్వాత సత్తెనపల్లిలో ఒకటి చూశాం, గుంటూరులో ఒకటి చూశాం. ఒకటి మరీ ఎత్తు, ఒకటి మరీ తేలిక, ఒకదాని మూత తెరిస్తే మూతే చేతికొచ్చింది. నేను ప్రతిదాని ముందూ నిలబడి ఇది బాగుందేమో, అది బాగుందేమో అని మీనమేషాలు లెక్కపెట్టేవాణ్ణి. మీనాలు మా గంగాళంలో ఉన్నాయి. మేషం ఎవరో మా ఆవిడ అప్పుడప్పుడూ గుర్తుచేసేది. తిరిగొచ్చిన ప్రతిసారీ సంచిలోంచి మరో చీర బయటికొచ్చేది. అటు వ్యాయామాలు సాగుతున్నాయి, మోకాలు వంగుతోంది, డాక్టరు సంతోషిస్తున్నాడు. చివరికి మా కాలేజీ అటెండరు ఒకాయన పాత మార్కెట్ వెనక పటాలు కట్టే భాయ్ ఒకరున్నారనీ, అడిగితే కొలతకి తొట్లు కూడా చేస్తారనీ చెప్పాడు.

భాయ్ దుకాణంలో కిటికీ అద్దాలు, డ్రెస్సింగ్ టేబుల్ అద్దాలు గోడకు చేరగిలబడి ఉండేవి. దేవుళ్ళూ, మక్కా పటమూ, ఎవరెవరివో పెళ్ళి ఫోటోలూ ఒకే బెంచీ మీద కూర్చుని తమ వంతు కోసం ఎదురుచూసేవి. గాజు మీద వజ్రపు ములుకు గీసినప్పుడు కిర్రుమనే చప్పుడు, ఆ వెంటనే టక్కున విరిగే చప్పుడు, మధ్యలో టీ వాసన. భాయ్ మా అత్తగారి వయసే. ఆమె ఆయనతో మొదటి క్షణం నుంచి నేరుగా మాట్లాడింది. ఆయన అల్లుడు కాదు కదా. గాజు ఎక్కడిది, అంచు చేత్తో నూరతారా యంత్రం మీద నూరతారా, జిగురు ఏ రకం, అతికాక ఎన్నాళ్ళు ఆరనిస్తారు, ఇదివరకు చేసినవి ఎవరింట్లో ఉన్నాయి, వాళ్ళు మంచివాళ్ళేనా. భాయ్ టీ గ్లాసు కింద పెట్టి, "పెద్దమ్మా, తొట్టి కొంటున్నారా, పిల్లనిస్తున్నారా?" అన్నాడు. "రెండు పిల్లల్ని" అంది ఆమె. వాళ్ళిద్దరూ అలా గంటసేపు మాట్లాడుకుంటుంటే, పదేళ్ళకు పైగా ఆమె మాటల్ని ఫ్రిజ్‌తో పంచుకున్న నాకు కొంచెం కుళ్ళుగానే అనిపించింది.

భాయ్ చెప్పిన వాటిల్లో ఒకటి ఆమెకు బాగా నచ్చింది. తొట్టి పొడుగు ఎంతున్నా భయం లేదు, ఎత్తు పెరిగే కొద్దీ నీళ్ళు అడుగున తోస్తాయి, ఎత్తు పెంచితే గాజు మందం పెంచాల్సిందే అన్నాడు. "మా బావి ఒర గూడా అంతే భాయ్, అడుగునే పగిలింది" అని తలూపింది. మోకాళ్ళ ఎత్తు నాపరాయి బల్ల మీద పెడితే కుర్చీలో కూర్చుని నేరుగా చూడొచ్చని, పొడుగ్గా, పొట్టిగా, మందం గాజుతో ఒకటి చేయమంది. వారం తర్వాత వెళితే తొట్టి తయారు. నాకు అందులో ఏ లోపమూ కనబడలేదు. ఆమె వేలు మడిచి నాలుగు వైపులా తట్టి, చెవి ఆనించి విని, పెదవి విరిచింది. "మోగలా."

"పెద్దమ్మా, ఇది కుండ కాదు. మోగితే ఏంది, మోగకపోతే ఏంది?"

"ఏ సామానైనా మోగాల భాయ్. మా నాపరాయి మోగదా?"

"నాపరాయిలో చేపలు ఈదవు గదమ్మా!"

ఆమె వంగి వాసన చూసింది. వెనిగర్ సీసా మూత తీసినట్టు ముక్కుపుటాలదిరే పుల్లటి వాసన. "పాడైన పచ్చడి లాగుంది" అంది. అది సిలికాన్ ఆరుతున్న వాసన అనీ, పూర్తిగా ఆరితే పోతుందనీ, అప్పటిదాకా నీళ్ళు పోయకూడదనీ భాయ్ చెప్పాడు. "అయితే పోయినాకనే చూద్దాం" అని లేచింది. వాసన పోయాక వెళితే, ఇంకో పంచాయితీ. తొట్టి కింద థర్మోకోల్ పలక పరవాలన్నాడు భాయ్. నాపరాయి ఎంత నున్నగా కనబడినా ఎక్కడో గింజంత ఎత్తుపల్లం ఉంటుంది, నీళ్ళ బరువుకి అక్కడే అడుగు గాజు చిట్లుతుందన్నాడు. మా అత్తగారికి ఇది తన ఊరి రాయి మీద నింద. "టీవీ డబ్బాలో వచ్చే చెత్తని నమ్మి, రాయిని నమ్మవా? మా ఇళ్ళ కప్పులే నాపరాళ్ళు!" అంది. ఈ వాదం ఇంకో వారం నడిచింది. ఆమె వస్తుందని తెలిస్తే భాయ్ ముందే టీ చెప్పి ఉంచేవాడు. ఆఖరికి రాయీ ఉంటుంది, దాని మీద థర్మోకోలూ ఉంటుంది అని రాజీ కుదిరింది. ఆ రోజు పొద్దున ఆమె కొంగు లాగింది, పోగు చిక్కలేదు. గోరు గీసింది, బుడగ తగల్లేదు. వాసన చూసింది, లేదు. నోరు తెరిచింది, మూసింది. "రేపు తీసుకురా భాయ్" అని చాలా మెల్లగా అంది.

ఆ మధ్యాహ్నం కాలేజీ తొందరగా వదిలేశారు. మా ఆవిడ బజారుకెళ్ళింది, పిల్ల స్కూల్లో ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పబోతుంటే లోపల మా అత్తగారి గొంతు వినిపించింది. ఫ్రిజ్‌తో కాదు, గంగాళంతో మాట్లాడుతోంది. "చూశారా, ఆ భాయ్ ఒక్క వంక పెట్టనిచ్చాడా? కొంగు లాగా, గోరు గీకా, ఏందీ దొరకలా. మోగలేదని ఎన్నాళ్ళంటా? రేపు మీకు మేడ వచ్చిద్ది, నాకు బస్సు వచ్చిద్ది." కాసేపు నీళ్ళ చప్పుడు. "మోకాలికి ఇక్కడే బాగుంది. పిల్ల బాగా చూసుద్ది మిమ్మల్ని. ఆయన గూడా మంచోడే, పాపం, మీకు మల్లే నోరు తెరుస్తాడు, మాట రాదు. నా కూతురు ఉండమంటది, అది కూతురు గదా, అనకేం జేసిద్ది? ఆయన అనాల. ఆయన అనాలంటే నేను ఎదుటబడాలిగా. పడను గదా." చెప్పులు చేత్తో పట్టుకుని, వచ్చినవాణ్ణి వచ్చినట్టే వెనక్కి నడిచి, వీధి చివరిదాకా వెళ్ళాను. అన్ని ఊళ్ళూ, అన్ని దుకాణాలూ తిరిగి ఆమె తొట్లలో లోపాలు వెతకలేదు, మా ఇంట్లో ఉండటానికి కారణాలు వెతికిందని అప్పటికి తట్టింది. మళ్ళీ వస్తూ గేటు దగ్గరే గట్టిగా దగ్గాను. ఆ దగ్గు నా జీవితంలో అత్యంత అబద్ధపు దగ్గు.

మర్నాడు పొద్దున్నే భాయ్ ట్రాలీ ఆటోలో, తొట్టిని పాత దుప్పట్లలో పసిపిల్లలా చుట్టి తెచ్చాడు. మా అత్తగారు ఆఖరి పరీక్ష అట్టిపెట్టింది. ఆమె ఊళ్ళో కొత్త కాగు కొన్నా, కొత్త కుండ కొన్నా, నేల మీద పొడి ముగ్గు పలచగా జల్లి, సామానును నిండా నీళ్ళతో దాని మీద పెట్టి, మర్నాటిదాకా వదిలేస్తారు. చెమ్మ చుక్కంత దిగినా తెల్లటి ముగ్గు మీద మచ్చ పడుతుంది. కంటికి కనబడని చెమ్మను ముగ్గు పట్టిస్తుంది. నాపరాయి, దాని మీద థర్మోకోల్, దాని చుట్టూ ముగ్గు, అతుకుల వారగా ఇంకాస్త ముగ్గు. నిన్నటి నీళ్ళు బిందెలు బిందెలుగా పోశాం. వీధిలో పిన్నులూ, బాబాయిలూ వచ్చి చూసిపోయారు. "ఇంత తొట్టి తెచ్చి ఇంకా చేపల్ని దింపలేదేందక్కా?" అని అడిగితే, "కారిద్దేమో చూడొద్దా!" అని మా అత్తగారు జవాబు. ఆ రోజంతా మేం ముగ్గునే చూస్తూ గడిపాం. సంక్రాంతి ముగ్గుల పోటీలో అయినా అంత శ్రద్ధగా ఎవరూ చూసి ఉండరు.

తెల్లారింది. ముగ్గు తెల్లగా, పొడిగా, కొత్త కాగితంలా ఉంది. భాయ్ తన పని గెలిచిందో లేదో చూసుకోడానికి పొద్దున్నే వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చేపలు గాజులోకి దిగాయి. మొదటిసారి వాటి పక్కలు కనబడ్డాయి. ఎండ పొడ తగిలి పొలుసులు తళుక్కున మెరిశాయి. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది. మా అత్తగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, ఒంగకుండా, కళ్ళనిండా చూసింది. తర్వాత లేచింది. గుమ్మం పక్కన సంచి, అన్ని చీరలతో, జిప్పు వేసి ఉంది. "చెప్పవే మీ నాయనకి" అంది మనవరాలితో. "తొట్టి బాగుంది. ఇంక నాకు మాచర్ల బస్సుకి టైమయింది." మా ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ అటు తిరిగింది. మా అమ్మాయి ఈసారి ఆ మాట నాదాకా మోయలేదు.

నేను తొట్టి ముందు గొంతుక్కూర్చున్నాను. నా మోకాళ్ళు రెండూ టప్‌మన్నాయి. జేబురుమాలు తీసి అంచు మీద లాగాను. గోరుతో అతుకు గీశాను. తట్టి చెవి ఆనించాను. ఏం వినాలో నాకు తెలియదు, చేప మాత్రం నన్ను చూసి నోరు తెరిచింది. మా ఇద్దరిలో ఒకరం మాట్లాడక తప్పదని అనిపించింది. లేచి, తిరిగి, తలుపును కాదు, ఫ్రిజ్‌ను కాదు, ఆమెనే చూస్తూ అన్నాను: "అత్తయ్యా!"

ఫ్రిజ్ సరిగ్గా అప్పుడే ఆగింది. దాని వేళకి అదే ఆగిందనుకోండి. "అత్తయ్యా, ఇది బాగుందని ఇప్పుడే చెప్పలేం. చలికాలం ఏ గాజైనా ఆగిద్ది. మన ఎండ తగిలితే గదా దీని సంగతి తెలిసేది. ఎండాకాలం దాటిందాకా మీరు దగ్గరుండి చూడాల. మాకెవరికీ చేతకాదు." కాలేజీ భాష ఎటు పోయిందో, నా నోట్లోంచి వెల్దుర్తి పలికింది.

భాయ్ మొహం ఎర్రబడింది. "ఏంది సార్! నా చేతి తొట్టి ఎండకి కారిద్దా? ఎవరన్నా వింటే..." అని, ఆగాడు. నా మొహం చూశాడు. గుమ్మం పక్కన సంచి చూశాడు. మా ఆవిడ కళ్ళు చూశాడు. గాజు కోసేవాడికి గీత ఎక్కడ పడుతోందో ఇట్టే తెలుస్తుంది. "కారినా కారొచ్చు సార్" అన్నాడు. "సిలికాన్‌ని నమ్మలేం. ఒక ఎండాకాలం చూడాల్సిందే పెద్దమ్మా." ఆ మాట అనడానికి ఆ మనిషి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. ఆ తర్వాత మా ఇంట్లో ఏ ఫోటో పటం కట్టించాల్సి వచ్చినా ఆయన దగ్గరికే వెళ్ళడం నా వంతు క్షమాపణ. మా గోడల మీద ఖాళీ లేదు.

మా అత్తగారు ఒకసారి తొట్టిని చూసింది. కొంగు భుజం మీదికి లాక్కుంది. ఆ తర్వాత తలెత్తి, పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొదటిసారి, నన్ను చూసింది. "ఎండాకాలం ఒక్కటే చూస్తే ఏం తెలిసిద్ది బాబూ?" అంది. "వానాకాలం ఉబ్బకి గదా అతుకులు వదిలేది! అది గూడా చూడాల."

"అమ్మమ్మా, నాన్నతో మాట్లాడావ్!" అని మా అమ్మాయి ఎగిరి గంతేసింది.

"మాట్లాడలా. తొట్టి సంగతి చెప్పా. తొట్టి సంగతి వేరు" అని మా అత్తగారు కుర్చీలో కూర్చుంది. ఈ లోపల మా ఆవిడ సంచిని ఎంత చప్పుడు లేకుండా లోపలికి మోసుకుపోయిందంటే, ఆమె కామర్సు లెక్చరరు భార్య కాదు, ఆరితేరిన దొంగ అనుకోవాలి.

ఎండాకాలం వచ్చింది, ముగ్గు పొడిగానే ఉంది. వానాకాలం వచ్చింది, పొడిగానే ఉంది. "మరి పాత గాజు సంగతి?" అన్నాన్నేను. "అవును, పాతబడితే గదా" అంది ఆమె. పొడుగు తొట్టి పక్కన అలా ఏళ్ళు గడిచాయి. మోకాలు నిలబడింది. మిరపకోతలకి ఊరికెళుతుంది, కుర్చీ వేసుకుని మాత్రమే అజమాయిషీ చేస్తుంది, కాస్త తెరిపి దొరకగానే "తొట్టిని చూసి చానా రోజులైంది" అని బస్సెక్కి వచ్చేస్తుంది. తొట్టి సంగతి వేరంటూనే అన్నం సంగతి, నా బీపీ మాత్రల సంగతి, నా చొక్కా గుండీల సంగతి అన్నీ తొట్టి ఖాతాలోనే నాతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టింది. ఇప్పుడు నేనే అప్పుడప్పుడూ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి మౌనంగా నిలబడుతుంటాను. ఆ రెండు చేపలూ వాటి కాలం వచ్చి వెళ్ళిపోయాయి. తర్వాత వచ్చినవాటిల్లోనూ నోరు తెరిచి మూసేది ఒకటి తప్పకుండా ఉంటోంది. బోరు నీళ్ళు గాజు మీద తెల్లగీతలు పెడుతుంటాయి, ఆమె నిమ్మచెక్కతో తుడుస్తుంది. శుక్రవారం శుక్రవారం తొట్టి చుట్టూ కొత్త ముగ్గు పడుతుంది.

మొన్న ఆదివారం వీడియో కాల్లో నేను నా ఇంజనీరింగంతా చెప్పడం పూర్తయ్యేసరికి, వెనక కుర్చీలోంచి ఒక గొంతు గద్దించింది. "అట్టా కాదు బాబూ, వాసన చూడమను! వాసన సంగతి చెప్పకుండా ఎంతసేపు చెప్తావ్?" ఫోను ఆమె చేతికిచ్చాను. మా అమ్మాయి అమ్మమ్మను చూసి, దుకాణంలో వరసగా ఉన్న తొట్లను చూసి, ఎవరూ నేర్పకుండానే అంది: "నాకేం తెలియదమ్మమ్మా. ఇక్కడి ఎండ వేరు, ఇక్కడి నీళ్ళు వేరు. నువ్వొచ్చి ఒక ఎండాకాలం దగ్గరుండి చూడాల్సిందే." మా అత్తగారు నావైపు తిరిగి, చాలా గంభీరంగా, "నిజమే బాబూ, హైదరాబాదు ఎండని నమ్మలేం" అంది. నేను అటక ఎక్కి సంచి దింపాను. చీరల మధ్య ఒక ముగ్గు పొట్లం కూడా వెళుతోంది. అది తీసుకెళ్ళేముందు మా తొట్టి చుట్టూ ఒకసారి జల్లి చూసింది, అలవాటు కొద్దీ. ఎప్పటిలాగే తెల్లగా, పొడిగా ఉంది. ఇన్నేళ్ళలో దాంట్లోంచి ఒక్క చుక్క కారలేదు. మా కళ్ళ ముందే కారిపోయింది కాలం ఒక్కటే, దాని కింద ముగ్గు జల్లి చూసుకునే తీరిక మా ఇద్దరిలో ఎవరికీ దొరకలేదు.